బ్రేకు డ్రమ్ము మీద తిరిగిన పద్యం

మొన్న ఆదివారం మా ఆడపడుచు కూతురు పట్టుబట్టి నన్ను బందరు రోడ్డులో కొత్తగా తెరిచిన ఒక కాఫీ హోటలుకు తీసుకువెళ్ళింది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా బల్ల మీద రికార్డు తిరుగుతూ కనిపించింది, మన కాలంనాటి నల్లటి రికార్డే, ఇప్పుడు మళ్ళీ ఫ్యాషనైందట. పిల్ల ఫోటోలు తీసుకునే పనిలో ఉంటే నేను అలవాటు చొప్పున చెవి ఒగ్గి, "శ్రుతి కాస్త పైనుందమ్మా, వేగంగా తిరుగుతోంది" అని కౌంటర్లో అమ్మాయితో అనేశాను. "అలా ఏం ఉండదాంటీ, కంపెనీ సెట్టింగండి అది" అని నవ్విందా అమ్మాయి. నేనూ నవ్వి ఊరుకున్నాను గానీ, కాఫీ తాగుతున్నంతసేపూ నా మనసు అక్కడ లేదు. గుణదలలో మా అత్తవారి పెరట్లో, రేకుల షెడ్డులో, నూనె వాసన మధ్య తచ్చాడుతోంది.

నేను కోడలిగా గుణదల వచ్చేనాటికి మామగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులతో అందరూ స్థలం కొనుక్కుంటే ఆయన పాత లేతు మిషను కొనుక్కున్నారని అత్తగారు జీవితాంతం దెప్పుతూనే ఉండేవారు. లేతు, డ్రిల్లింగు మిషను, రకరకాల ఆకురాళ్ళు, గోడకు వరసగా వేలాడే పానాలు, ఇదీ ఆయన లోకం. వీధిలో ఎవరి గేటు మడతబందు విరిగినా, ఎవరి కుట్టుమిషను చక్రం బిగుసుకుపోయినా మా పెరటి తలుపే తట్టేవారు. ఇనుముతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడరని ఆయనకు పేరు. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే నాకు ఆ షెడ్డు గుమ్మం దాటి లోపలికి చూడాలని ఎంత ఆశగా ఉండేదో, కొత్త కోడలిని గనుక అడగడానికి అంత మొహమాటంగానూ ఉండేది.

మా నాన్నగారిది కంకిపాడు. పేరుకు వ్యవసాయమే గానీ ప్రాణమంతా హార్మోనియంలో ఉండేది. పౌరాణిక నాటకం ఎక్కడ వేసినా, తెరపక్కన హార్మోనియం ముందు నాన్న ఉండవలసిందే. మంచి వయసులో మద్రాసు వెళ్ళి ఒక పద్యాల రికార్డుకు వాయించి వచ్చారు. రికార్డు మధ్యన అంటించిన కాగితం మీద పద్యం పాడినాయన పేరే తప్ప నాన్న పేరు లేదు, అయినా ఆ రికార్డును మెత్తటి పాత పంచెలో చుట్టి, అమ్మ పట్టుచీరల కింద దాచుకున్నారు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. మన తరంవారికి చెప్పనక్కరలేదు, హార్మోనియం వాయించేటప్పుడు కుడిచెయ్యి మెట్ల మీద ఆడితే ఎడమచెయ్యి వెనక తిత్తిని ఆడిస్తూ గాలి పొయ్యాలి. ఆ గాలి పోసే చెయ్యే పోయింది. అమ్మ అప్పటికే లేదు, వైద్యానికి బెజవాడే మేలని మావారు నాన్నను మా ఇంటికి తీసుకువచ్చారు. వచ్చిన దగ్గరనుంచీ కూతురి అత్తవారింట్లో మంచాన పడ్డానన్న నామోషీతో ఆయన గోడవైపు తిరిగి పడుకుని, కంకిపాడు వెళ్ళిపోతానంటూ, డాక్టరు చెప్పిన చేతి కసరత్తులు చెయ్యక, పెట్టింది సగం తిని వదిలేసి, నా గుండె తరుక్కుపోయేలా చేశారు. మామగారు రోజూ గుమ్మందాకా వచ్చి, ఏం పలకరించాలో తెలియక, "బావగారు భోంచేశారా అమ్మాయ్" అని నన్నడిగి మళ్ళీ షెడ్డులోకి పోయేవారు.

పాటలు వింటే కాస్త తేరుకుంటారేమోనని కంకిపాడు నుంచి నాన్న హార్మోనియం, రికార్డుల పెట్టె, దానితోపాటు పాత కరెంటు ప్లేయరు తెప్పించాను. తీరా చూస్తే మోటారు కాలిపోయింది. గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసే ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఈ భాగాలు ఇంక రావమ్మా అనేశాడు. అవి టేప్‌రికార్డర్లు ఇంటింటికీ వస్తున్న రోజులు, కొత్తది ఒకటి కొనేద్దామన్నారు మావారు. నాన్న వాయించిన ఆ పద్యం ఏ క్యాసెట్టులోనూ లేదు గదా అని నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, వరండాలో పేపరు చదువుకుంటున్న మామగారు లేచివచ్చి, ప్లేయరును చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను స్కూలు నుంచి రాగానే షెడ్డులోంచి పిలుపు వినిపించింది. "అమ్మాయ్, ఇట్రా!"

ఆయన నన్ను లోపలికి పిలవడం అదే మొదలు. బల్లమీద ప్లేయరు విప్పి పరిచి ఉంది. "ఇందులో దేవరహస్యం ఏం లేదే. మోటారు ఈ రబ్బరు చక్రాన్ని తిప్పుతుంది, రబ్బరు చక్రం వెళ్ళి పళ్ళెం లోపలి అంచుని తిప్పుతుంది. అంతేగా? ఈ చువ్వా, ముల్లూ బానే ఉన్నాయి. మిగతాది మనమే చేసుకుందాం" అన్నారు. మనమే అన్నారు! చీర కొంగు బొడ్లో దోపుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆటోనగర్లో పాత ఇనుము కొట్లన్నీ వెతికి ఆయన ఒక పాత జీపు బ్రేకు డ్రమ్ము మోసుకొచ్చారు. అత్తగారు దాన్ని చూసి, ఇంట్లో పాటలు వినాలంటే జీపు విప్పాలా అని బుగ్గలు నొక్కుకున్నారు. కానీ బోర్లిస్తే అది అచ్చం మాకు కావలసిన పళ్ళెమే, పైన రికార్డు పెట్టుకోవడానికి బల్లపరుపు, లోపల రబ్బరు చక్రం ఒరుసుకుని తిరగడానికి గుండ్రటి గోడ. దాన్ని లేతుకు బిగించి చెక్కుతుంటే తుప్పు పొరలు రాలిపోయి, లోపలినుంచి తెల్లటి లోహం చంద్రబింబంలా బయటపడుతుంటే నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. కూలరు మోటారు ఒకటి సంపాదించాం. ఏ వేగానికి మోటారు కొన మీద ఎంత లావు పుల్లీ కావాలో షెడ్డు గోడ మీద సుద్దముక్కతో నేను లెక్క కట్టాను. మధ్యలో ఉండే రబ్బరు చక్రం పెద్దదైనా చిన్నదైనా వేగం మారదు మామయ్యగారూ అంటే ఆయన నమ్మలేదు, పుల్లీ లావే గదా లెక్క అంటే "చూద్దాం" అన్నారు, రెండు సైజుల్లో చెక్కచక్రాలు చేసి తిప్పి చూసి, "ఊ" అన్నారు. ఆ "ఊ" నాకు స్కూల్లో వచ్చిన ఏ మెప్పుకన్నా ఎక్కువ.

అన్నీ కుదిరాయిగానీ రబ్బరు దగ్గర చిక్కొచ్చింది. హవాయి చెప్పు కోసి చుడితే మెత్తబడి, తిరిగినప్పుడల్లా టపటపమని కొట్టుకుంది. సైకిలు ట్యూబు జారిపోయింది. అప్పుడు నాకు పామర్రులో మా చిన్నాన్న పనిచేసే రైసు మిల్లు గుర్తుకొచ్చింది. వడ్ల పొట్టు ఊడగొట్టడానికి గట్టి రబ్బరు రోలర్లుంటాయి గదా, అరిగిపోయినవి మూలన పడేస్తారు. సెలవు చూసుకుని నేనే బస్సెక్కి వెళ్ళి, చిన్నాన్న చేత ఒక ముక్క కోయించుకుని ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, కండక్టరు "ఏంటమ్మగోరూ అది, జున్నా?" అని అడిగాడు. తెల్లగా, దళసరిగా నిజంగానే జున్ను ముక్కలా ఉంది. దాన్ని ఇనపబిళ్ళకు అంటించి, లేతు మీద తిప్పుతూ గరుకు కాగితంతో నున్నగా అరగదీస్తే, డ్రమ్ము లోపల చప్పుడనేది లేకుండా తిరిగింది. ఆపినప్పుడు ఒకేచోట నొక్కుకుని సొట్టపడకుండా, చక్రాన్ని పక్కకు తప్పించే చిన్న మీట కూడా మామగారు అమర్చారు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక అంత బరువునూ తండ్రీకొడుకులిద్దరూ మోసుకొచ్చి ముందుగదిలో, నాన్న మంచానికి ఎదురుగా పెట్టి, పాట పైకి వినబడేందుకు దాని తీగను మా పాత రేడియో వెనక తగిలించారు. స్విచ్చి వెయ్యగానే ఆ డ్రమ్ము బరువుగా కదిలి, మెల్లగా ఊపందుకుంది. నేనే ముల్లు దించాను. చిటపటల వెనక హార్మోనియం, ఆపైన పద్యం ఎత్తుగడ! నాన్న కదల్లేదు. ఇంత కష్టమూ వృథాయేనా అనుకుంటుండగా, గోడవైపునుంచి గొంతు వినిపించింది.

"శ్రుతి పైనుంది."

మెల్లగా ఇటు తిరిగారు. "మేం పాడింది నాలుగు శ్రుతిలో. ఇది నాలుగున్నర పలుకుతోంది. నా పెట్టె తియ్యమ్మా" అన్నారు. హార్మోనియం తెచ్చి పక్కన పెట్టి, వెనక కూర్చుని తిత్తి నేనాడిస్తుంటే, ఆయన కుడిచేతి వేలు ఒక మెట్టు మీద ఆనించి, మళ్ళీ రికార్డు పెట్టించి విన్నారు. నిజమే, ఆ రెండు ధ్వనులూ ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి. మామగారి ముఖంలో నిరాశ ఉంటుందనుకున్నాను, కానీ ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "కావాలనే లావు ఉంచా. తీస్తే తియ్యగలం గానీ మళ్ళీ అతికించలేం గదా" అంటూ పుల్లీ ఊడదీసుకుని పెరట్లోకి పరుగెత్తారు, ఆ వయసులో!

తీసుకొచ్చి బిగించారు, విన్నాం. ఇంకా పైనే ఉంది. మళ్ళీ చెక్కారు. ఈసారి లేతు దగ్గరనుంచే కేక వినిపించింది. "బావగారూ, ఇంకా ఎంత తియ్యమంటారు?"

"వెంట్రుకవాసి బావగారూ, వెంట్రుకవాసి! ఎక్కువ తీశారో, పద్యం నీరసపడిపోద్ది!"

నాన్న మా ఇంటికి వచ్చాక వియ్యంకులిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. గోధుమపిండి చేతులతోనే అత్తగారు వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు. మావారు పెరటికీ ముందుగదికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. చివరికి మామగారు ఉలిని పక్కనపెట్టి, గరుకు కాగితం ఒక్కసారి తాకించి తీసుకొచ్చిన పుల్లీ బిగించి స్విచ్చి వేస్తే, పద్యం ఎత్తుకుంది. నాన్న వేలు మెట్టు మీద ఆనింది. రెండు ధ్వనులూ ఒకటైపోయాయి. ఏది రికార్డులోదో, ఏది మా హార్మోనియంలోదో తెలియలేదు.

"ఆఁ! నిలబడింది!" అని నాన్న అరిచిన అరుపు వీధిలోకి వినిపించింది. పద్యం ఆగి హార్మోనియం ఒంటరిగా పరుగెత్తే చోట, ఆ పాతకాలపు తన వేళ్ళతో పోటీపడుతూ కుడిచేత్తో ఆయన వాయిస్తుంటే, నేను ఏడుస్తూ, నవ్వుతూ, తిత్తి ఆపకుండా ఆడిస్తూనే ఉన్నాను. మామగారు జిడ్డుచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయారు. "అక్కడే నిలబడ్డారేంటి, లోపలికి రండి బావగారూ" అన్నారు నాన్న. ఆయన వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నారు.

ఆ రాత్రి నాన్న మారు అన్నం వడ్డించుకున్నారు. మర్నాటినుంచి ఎవరూ చెప్పకుండానే కసరత్తులు మొదలుపెట్టారు. ఎడమచెయ్యి మునుపటిలా కాలేదు గానీ, కొన్ని నెలలకు తిత్తిని నెమ్మదిగా ఆడించేపాటి సత్తువ వచ్చింది. కంకిపాడు వెళ్ళిపోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మా గుణదల వీధివాళ్ళు పాత పెట్టెల్లోంచి రికార్డులు తీసుకుని వచ్చేవారు, పక్కింటి మేరీ పిన్నిగారు వాళ్ళమ్మగారి నాటి క్రిస్మసు పాటలు తెచ్చి, కళ్ళు మూసుకుని వినేవారు. సాయంత్రాలు ఓల్టేజి తగ్గి పద్యం సాగినప్పుడల్లా వియ్యంకులిద్దరూ అది పుల్లీ తప్పా కరెంటు తప్పా అని హోరాహోరీగా వాదించుకునేవారు. మాట్లాడరని పేరున్న మామగారు ఆ వాదనల్లో ఎన్నడూ ఓడిపోలేదు.

ఇద్దరూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆ స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది, లేతు ఉండేచోట కార్లు నిలుపుతారు. డ్రమ్ము నా దగ్గరే ఉంది గానీ దాని రబ్బరు రాయిలా బిగిసి బీటలు తీసింది. బాగుచేసేవారి కోసం అడిగితే, ఎందుకండీ, కొత్తది ఆన్‌లైన్లో వచ్చేస్తుందిగా అంటారు. నాకు కావలసింది కొత్తది కాదని వాళ్ళకు ఎలా చెప్పను?

నిన్న మా ఆడపడుచు కూతురు ఎక్కడ వెతికిందో, ఆ పద్యాన్నే నా ఫోనుకు పంపించింది. చిటపటలన్నీ తీసేసి, శుభ్రంగా, సరిగ్గా నాలుగు శ్రుతిలో ఉంది. ఎవరూ చెక్కనక్కరలేదు, ఎవరూ సరిచూడనక్కరలేదు. రెండుసార్లు విన్నాను. నాన్న వేళ్ళు పరుగెత్తే చోటు వచ్చినప్పుడు ఎవరినైనా పిలిచి వినిపించాలనిపించి హాల్లోకి వచ్చాను. అందరూ అక్కడే ఉన్నారు. ఎవరి చెవుల్లో వాళ్ళ పాట వాళ్ళకు వినబడుతోంది.