కాలువలోకి పోకూడనివి

గత నెలలో ఒక ఉదయం మా ఆవిడ చనిపోయింది. తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చుంది. "గుండెల్లో బరువుగా ఉందండి" అంది. ఆటో కోసం సందు చివరికి వెళ్లాను. వచ్చేసరికి అయిపోయింది. తువ్వాలు జారి ఒళ్లో పడింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

మీలో కొందరికి ఆవిడ తెలుసు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా రేపల్లెలో చేరి, బాపట్లలో చాలా ఏళ్లు చేసి, తెనాలిలో రిటైరైంది. మురుగు కాలువలోకి ఏం వదలొచ్చో, ఏం వదలకూడదో చూడటం ఆవిడ పని. ఎక్కువమందికి నోటీసు ద్వారానే పరిచయమై ఉంటుంది.

నియమాలు పుస్తకంలో చాలా ఉన్నాయి. ఆవిడ మాత్రం ఇంటింటికీ తిరిగి ఒకటే చెప్పేది: "స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు. నాలుగోది ఏదైనా ఉంటే నన్నడిగి పొయ్యండి."

రేపల్లెలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల మధ్య పీట వేసుకుని కూర్చునేది. తలలు, పొట్టు బుట్టలోకి ఎత్తించి గాని లేచేది కాదు. తెనాలిలో ఒక హోటలాయన, "నూనె కూడా నీళ్లలాంటిదే కదా మేడమ్, జారిపోద్ది" అన్నాడు. ఆయన చేతే కాలువ మీది పలక ఎత్తించింది. లోపల తెల్లగా, మైనంలా గడ్డకట్టి ఉంది.

"ఇదేంటండి మేడమ్?"

"మీ మైసూరు బజ్జీలండి. నిరుటివి."

ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత మాడిన నూనె డబ్బాలో పోసి ఉంచేవాడు.

బాపట్లలో జరిగింది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు అక్కడ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆవిడ వాళ్ల అమ్మను చూడటానికి రెండు రోజులు రేపల్లె వెళ్లింది. బాత్రూమ్‌లో నీళ్లు నిలిచిపోయాయి. ఆవిడ ఆఫీసులో చెప్పి వచ్చాను. మనిషిని పంపుతామన్నారు. మర్నాడు పొద్దున దాకా ఎవరూ రాలేదు. కాలేజీకి టైమవుతోంది. కొట్టుకెళ్లి యాసిడ్ సీసా తెచ్చి, అంతా పోసేశాను. నీళ్లు కొంచెం కొంచెంగా దిగాయి. పని అయిందనుకుని చొక్కా వేసుకుంటున్నాను.

అప్పుడే ఆ మనిషి వచ్చాడు. నన్ను పిలవలేదు. ఇంటి ముందు, మా గొట్టం వీధి డ్రైనేజీలో కలిసే గుంట మూత తీసి చెయ్యి పెట్టాడు. ఆ కేక విని బయటికి పరిగెత్తాను.

సాయంత్రం ఆవిడ వచ్చింది. అరవలేదు.

"ఎంత పోశారు?"

"సీసా అంతా."

"నీళ్లు దిగాక అది ఎక్కడికి పోయిందనుకున్నారండి?"

నేను ఏమీ అనుకోలేదు. అదే చెప్పాను. ఆవిడ సంచి కింద పెట్టకుండానే నన్ను ఆ మనిషి ఇంటికి తీసుకెళ్లింది. ఆయన కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయాడు. "సార్‌కి తెలీదు లెండి మేడమ్" అన్నాడు.

"తెలియాల్సింది ఆయనకే. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిదాన్ని, ఊళ్లో వాళ్లకు ఏం చెప్తాను" అంది ఆవిడ.

మర్నాడు టిఫిన్ బల్ల మీద నా ముందు నోటీసు పెట్టింది. నా పేరు, ఇంటి నంబరు, కింద ఆవిడ సంతకం. "సంతకం చేసి తీసుకోండి" అంది. తీసుకున్నాను. అది నా డిగ్రీ సర్టిఫికెట్లతో పాటే ఉంది.

ఆ తర్వాత మా ఇంటికి యాసిడ్ సీసా రాలేదు. ఆవిడకు పొడవాటి జుట్టు. స్నానం అయ్యాక రోజూ నీళ్లు పోయే చోటి జాలీ ఎత్తి, చిక్కుకున్న వెంట్రుకలు తీసి, కాగితం ముక్కలో చుట్టి చెత్తబుట్టలో వేసేది. జ్వరం వచ్చినా మానలేదు.

"ఇన్‌స్పెక్షన్ అయిందా?" అనేవాణ్ణి.

"అయిందండి. ఇవాళ కూడా నేరం నాదే."

ఆవిడ పోయిన రోజు ఆ చెయ్యి కాలినాయన బాపట్ల నుంచి బస్సులో వచ్చాడు. పెద్దవాడైపోయాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మచ్చ ఉన్నచోట చర్మం నున్నగా ఉంది. "మేం మూత తీసే ముందు మేడమ్ ఆ వీధంతా తిరిగి చెప్పొచ్చేవారండి, ఇవాళ ఎవరూ ఏమీ పొయ్యొద్దని" అన్నాడు.

ఇంటినిండా చుట్టాలు. అయిదో రోజు మా చెల్లెలు బాత్రూమ్‌లోంచి పిలిచింది.

"అన్నయ్యా, నీళ్లు పోవట్లేదు. కొట్లో యాసిడ్ ఉందంట. తెప్పించనా?"

"వద్దమ్మా. నేను చూస్తాను."

మోకాళ్ల మీద కూర్చుని జాలీ ఎత్తాను. ఇన్నేళ్లలో నేను అది ఎత్తడం అదే మొదటిసారి. పైన ఎవరెవరివో నల్ల వెంట్రుకలు. వాటి కింద పొడవాటివి కొన్ని, సగం తెలుపు, చివర గోరింటాకు ఎరుపు. ఆ ఉదయం ఆవిడ వాటిని తీయలేదు. కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది.

విడదీసి పైకి తీశాను. నీళ్లు వాటంతట అవే దిగిపోయాయి. వేర్వేరుగా కాగితాల్లో చుట్టాను, ఆవిడ చుట్టినట్టే. నల్లవి బుట్టలో వేశాను. రెండో పొట్లం పట్టుకుని బుట్ట దగ్గర నిలబడ్డాను.

"ఏంటన్నయ్యా అది?" అంది చెల్లెలు.

పొట్లం తీసుకెళ్లి వరండా గోడ మీద, ఆవిడ కుర్చీ పక్కన పెట్టాను. కాగితం మీద తడి మరక పాకింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. అంచుల నుంచి లోపలికి, మరక మెల్లగా ఆరుతూ వచ్చింది.