సగం బిళ్ల కాదు, బరువు చెప్పు కాకా

2021 మే నెల. గోదావరిఖని బస్టాండు దగ్గరి ఒక మందుల షాపులో నేను ఫార్మసిస్టుని. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ రోజులవి. కౌంటరు ముందు తాడు కట్టి, అందరినీ దాని అవతలే నిలబడమనేవాళ్లం. మాస్కుల వెనక మాట సరిగ్గా వినపడక ఇటు మేమూ అటు వాళ్లూ గొంతు చించుకునేవాళ్లం. సాయంత్రానికి నాకు గొంతు పెగిలేది కాదు. మా ఆయన మాత్రం "ఇల్లు ఇంత నిమ్మళంగ ఎన్నడన్న ఉన్నదా" అని నవ్వేవాడు.

ఒక పొద్దున మొగిలి కాక మోపెడ్ మీద వచ్చాడు. బొగ్గు బాయిలో టింబర్‌మ్యాన్‌గా చేసి రిటైరైన మనిషి. బాయి లోపలి సొరంగాల్లో, అంటే గ్యాలరీల్లో, పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలతో సపోర్టు పెట్టడం టింబర్‌మ్యాన్ పని. కాక కొడుకూ కోడలూ పాజిటివ్ వచ్చి ఇంట్లోనే ఉన్నారని నాకు తెలుసు. వాళ్ల మందులు మా దగ్గరే తీసుకెళ్లాడు. ఆ రోజు కొడుకు చీటీనే మళ్లీ తాడు మీదుగా చాపాడు.

"ఇవే ఇంకోసారి ఇయ్యి బిడ్డా. జల్ది."

"అప్పుడే అయిపోయినయా కాకా?"

"కొడుక్కు గాదు, మనుమరాలికి. సహస్రకు గూడ పాజిటివ్ అన్నరు. ఒళ్లు కాలిపోతాంది. చిన్నపిల్ల గదా, సగం సగం చేసి ఏస్త."

చీటీలో జ్వరం బిళ్లతో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్ ఉన్నాయి. స్టెరాయిడ్ అంటే ఒంట్లో వాపును అణిచే గట్టి మందు. కాక కొడుక్కి ఆక్సిజన్ తగ్గుతోందని డాక్టరు చూసి రాశాడు. మామూలు జ్వరంతో ఉన్న ఒకటో తరగతి పిల్లకు దాంతో పనిలేదు. సగం చేసి వేసినా కీడే చేస్తుంది.

"ఇవి సహస్రకు ఇయ్యొద్దు కాకా. నేను ఇయ్య."

కాకకు కోపమొచ్చింది. "ఇయ్యవా? పోరి మూలుగుతాంటే చేతులూపుకుంట ఇంటికి పొమ్మంటవా? నువ్వు గాకుంటే ఇంకోలు లేరా?"

అని గిరుక్కున తిరిగి ఎదురు షాపు వైపు నడిచాడు. అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆ రద్దీలో ఎవరికని అడగకుండానే ఇచ్చేస్తారేమోనని నాకు భయమేసింది. మా ఓనరు "ఎక్కడికమ్మా!" అని అరుస్తూనే ఉన్నాడు, నేను తాడు కింద నుంచి దూరి కాక వెనక పరుగెత్తాను.

"కాకా, ఒక్క మాట చెప్పి పో. బాయిల పెద్ద గ్యాలరీకి తెచ్చిన దిమ్మెను సగానికి కోసి చిన్న గ్యాలరీల పెట్టినవా ఎన్నడన్న?"

కాక ఆగాడు. "గట్లెట్ల పెడ్తరు? కప్పు ఎత్తు కొలిచి కొయ్యాలె."

"పిల్లల మందు గూడ గంతే. బరువు చూసి పొయ్యాలె. సహస్ర బరువెంత?"

"ఏమో బిడ్డా. ఎత్తుకుంటె బియ్యం బస్తా లెక్కనే ఉంటది," అన్నాడు. అప్పటికి కోపం కాస్త దిగింది.

రోడ్డు పక్కనే నిలబడి, నాకు తెలిసిన పిల్లల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన కాక కోడలు స్వప్నను కూడా కాల్‌లో కలపమన్నాడు. ఊపిరి ఎట్లా ఉంది, తాగుతోందా, మూత్రం పోసిందా అని ఒక్కొక్కటీ అడిగాడు. ఊపిరి బాగానే ఉందట. నీళ్లు మాత్రం ముట్టడం లేదట, రాత్రి నుంచి మూత్రం పోయలేదట.

"బరువుకు తగ్గట్టు పారాసెటమాల్ సిరప్, కొద్దికొద్దిగా ఓఆర్ఎస్. ఇంకేం వద్దు," అన్నాడు డాక్టరు. "మధ్యాహ్నం దాకా చూడండి. అప్పటికీ తాగకపోయినా, మూత్రం పోయకపోయినా తీసుకురండి. ఊపిరి వేగంగా తీసినా, పక్కటెముకలు లోపలికి పోయినా, పిలిస్తే పలకకపోయినా మధ్యాహ్నం దాకా కూడా ఆగొద్దు, వెంటనే దవాఖానకు."

ఇక మిగిలింది బరువు. సిరప్ సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కాక చేతికిచ్చి, షాపు ముందరి బరువు మిషనే తీసి మోపెడ్ మీద పెట్టాను. కాక దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని పోయాడు.

కాసేపటికి స్వప్న వీడియో కాల్ చేసింది. సహస్ర ఎర్రటి కళ్లతో, దుప్పటి కప్పుకునే మిషన్ ఎక్కింది. దుప్పటి తీయించి, ముల్లు ఎక్కడ నిలిచిందో చూశాను. సీసా మీది మందు బలం చదివించి, ఎంత పోయాలో, ఎన్ని గంటలకు పోయాలో చెప్పాను. ఇంటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయమన్నాను. సిరప్ తియ్యగా ఉందని తాగేసింది. ఓఆర్ఎస్ మాత్రం తుపుక్కున ఉమ్మేసింది.

"యాక్! ఉప్పగున్నది."

"సహస్రా, అది తాగి మిషన్ ఎక్కితే ముల్లు జరుగుతదేమో సూడరాదు?"

పిల్ల ఫోన్ దగ్గరికి వచ్చింది. "తాత కంటె ఎక్కువైతనా?"

"తాగకుంటె ఎట్ల తెలుస్తది?"

ఒక గుక్క తాగి ఎక్కింది. దిగి ఇంకో గుక్క తాగింది. ముల్లు వెంట్రుకవాసి జరిగినట్టు అనిపించగానే "జరిగింది!" అని కేక పెట్టింది. వెనక నుంచి స్వప్న, "అక్కా, ఇగ ఇది మిషన్ దిగేటట్టు లేదు," అంటూ నవ్వడం వినిపించింది.

మధ్యాహ్నం రద్దీలో ఉండగా మళ్లీ ఫోన్. "ఒంటికి పోయింది అక్కా! రెండుసార్లు పోయింది!"

నా సంతోషం ఆగలేదు. "ఒంటికి పోయిందట!" అని షాపంతా వినపడేలా అరిచాను. తాడు అవతలి వాళ్లంతా కళ్లు పెద్దవి చేసి నా వైపు చూశారు. సంగతి చెప్పాక, డ్యూటీ దిగి వచ్చిన ఒకాయన చప్పట్లు కొట్టాడు.

కొద్ది రోజుల్లో జ్వరం తగ్గింది. కాక కొడుకూ కోలుకున్నాడు. అందరికీ నెగెటివ్ వచ్చాక కాక మిషన్ తెచ్చిచ్చాడు. శానిటైజర్‌తో ఎంత రుద్దాడో, అద్దం మీది అంకెలు సగం చెరిగిపోయాయి. "పోరి ఇయ్యనని ఒక్కటే ఏడుపు. తాతను ఇంకా దాటలేదట," అన్నాడు.

ఆ పొద్దున "ఇయ్య" అన్న నా మాటలో తప్పులేదు. కానీ అంతటితో ఊరుకుంటే కాక ఎదురు షాపులో ఆ బిళ్లలే కొనుక్కుని పోయేవాడు. భయపడి వచ్చిన మనిషి ఉత్త చేతులతో ఇంటికి పోలేడు. బిడ్డ కోసం ఏదో ఒకటి చేస్తేనే అతనికి నిమ్మళం. అందుకే ఇప్పుడు ఎవరికైనా ఫలానా మందు వద్దని చెప్పాల్సి వస్తే, ముందు కూర్చోబెట్టి పిల్ల ఎట్లా ఉందో అడుగుతాను. ఇంటికి పోయి చెయ్యాల్సిన పని ఒకటి చేతిలో పెట్టాకే పంపిస్తాను.