యాదమ్మ పేరు మీద వేసిన సూది

1976. చాంద్రాయణగుట్ట దారిలోని ఒక చిన్న ఆసుపత్రిలో సూదులు వేసే పని నాది. జరిగిన పొరపాటును నాకు మొట్టమొదట చెప్పింది లక్ష్మి, చంకలో రెండు నెలల పసిపిల్లతో వచ్చిన బాలింత.

"సిస్టరమ్మా, పోయిన నెల మా వదిన చీటీ మీద నాకు బలం సూది ఏసినవు గద, గది ఇంకొకటి ఎయ్యరాదు?" అన్నది. "రెండు దిక్కుల పొడిచినవు. మూడు దినాలు కూసోలేకపోయిన. గని మంచిగయిన."

నా చేతిలోని ట్రే బల్ల మీద పెట్టేశాను. మా దగ్గర రెండు వైపులా వేసే బలం సూది లేదు.

నాకు బడి చదువు లేదు. నాయన ఇంట్లో బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. మిగతాదంతా మా డాక్టరమ్మ పెట్టిన భిక్ష. సెగరోగాన్ని, అంటే గనోరియాను, గుర్తుపట్టడం కూడా ఆమే చూపించింది. మగవాళ్లకు కారే చీమును గాజు పలక మీద పూసి, రంగు వేసి చూడటాన్ని స్మియర్ అంటారు. మైక్రోస్కోపులో చీము కణాల లోపల గులాబీ రంగు జంట గింజలు కనిపిస్తాయి. ఆడవాళ్లలో చాలామందికి బాధే తెలియదు. స్మియర్‌లో కనపడకపోయినా లోపల ఉండవచ్చు. అందుకే భర్తకు తేలితే భార్యకూ పెన్సిలిన్ వేయాల్సిందే.

కానీ భార్యకు రోగం పేరు చెప్పేవాళ్లం కాదు. ఇంట్లో లొల్లి అవుతుందని, చీటీ మీద "బలం సూది" అని రాసేవాళ్లం.

బస్ డిపో మెకానిక్ నర్సింగ్‌కు పెన్సిలిన్ వేసినప్పుడు, అలాగే అతని భార్య యాదమ్మకూ చీటీ పంపాం. మర్నాడు పేరు పిలిస్తే, కొంగు నిండా కప్పుకున్న ఒకామె లేచింది. పెన్సిలిన్ ఒంటికి పడుతుందో లేదో చూసే టెస్ట్ డోస్ చేతికి వేశాను. దద్దు రాలేదు. మనసులో స్తోత్రం చెప్పుకుని అసలు సూది రెండు పిరుదులకూ వేశాను. అంతకుముందు యాదమ్మ ముఖం నేనెన్నడూ చూసింది లేదు.

నెల తిరక్కుండా నర్సింగ్ మళ్లీ అదే బాధతో వచ్చాడు.

"అమ్మతోడు, నేను ఎటూ పోలే డాక్టరమ్మా. ఆమె గూడ సూది తీసుకున్నది. మరి ఏడికెళ్లి వచ్చింది?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. "వేశానమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని అతను ఇంటికి పోయాడు.

పదిహేను రోజుల తర్వాత వచ్చిన ఈ లక్ష్మి నర్సింగ్ చెల్లెలు.

"మీ వదిన ఎందుకు రాలేదమ్మా?"

"నాకేమైంది, గుండ్రాయి లెక్కున్న, పాలిచ్చేదానివి నీకు గావాలె బలం అన్నది. యాదమ్మా అంటే పలుకుమన్నది." లక్ష్మి గొంతు తగ్గించింది. "మా అన్న ఆమెను పుట్టింటికి ఎల్లగొట్టిండు. ఎందుకో చెప్తలేడు."

డాక్టరమ్మ ఆ రోజే నర్సింగ్‌ను పిలిపించింది. "రోగం తెచ్చింది నువ్వు. దాచింది మేము. సూది ఆమెకు పడనే లేదు, అందుకే నీకు మళ్లీ అంటింది. ఆమె తప్పు ఏదీ లేదు" అన్నది. అతను చేతులకంటిన గ్రీజు చూసుకుంటూ నిలబడ్డాడు.

యాదమ్మను అతను తీసుకొచ్చేసరికి ఆమె జ్వరం, పొత్తికడుపు నొప్పితో వంగిపోయి ఉంది. మందులతో ప్రాణం నిలిచింది, దేవుని దయ. కానీ రోగం గర్భనాళాలకు పాకింది. అవి మూసుకుపోయాయనీ, ఆమెకు ఇక పిల్లలు పుట్టరనీ మూడేళ్లకు తేలింది.

ఆనాడు జ్వరం తగ్గగానే ఆమెను తెర చాటున కూర్చోబెట్టి, రోగం పేరుతో సహా అంతా చెప్పాను.

"గా మాట అప్పుడే చెప్తే నేనే వస్తుంటి గద, సిస్టరమ్మా."

ఆ మాట అన్న ఆమే నా చెయ్యి పట్టుకుంది. "పోనీ తియ్యి. లక్ష్మికి పాలు మంచిగ పడ్డయి."

ఆ తర్వాత నేను ఏ చీటీ మీదా బలం సూది అని రాయనివ్వలేదు. ముఖం చూసి, రోగం పేరు చెప్పి వేశాను. లొల్లులు అయ్యాయి. కానీ ఎవరి సూదీ మరొకరికి పోలేదు.

మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, దీపం పెట్టే వేళ యాదమ్మను ఒక్కసారి తలచుకోండి.