తాబేలు కారూ, నా డిప్లొమా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ తర్వాత చేసిన ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలు, కాకినాడలో ఒక కార్ల వర్క్‌షాపులో ట్రైనీగా చేరి రెండు నెలలు. అక్కడ నా చేతికిచ్చింది స్పానర్ కాదు, పెన్ను. వచ్చిన కారు నంబరూ, కస్టమరు గారి ఫిర్యాదూ రాసుకోవడమే నా పని. అయినా సాయంత్రం ఇంటికొచ్చి, రోజంతా ఇంజన్లు విప్పి బిగించినదానిలా నడుం పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ వయసులో మనిషికి అంత ధైర్యం ఎక్కణ్ణించి వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. ఎలా పోతుందో మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే నాది ఎనిమిది రోజుల్లో పోయింది.

పోగొట్టింది మా పెదనాన్నగారి కారు. ఆయన ఎప్పుడో ముచ్చటపడి కొనుక్కున్న పాత విదేశీ కారది. వీపు గుండ్రంగా ఉంటుందని ఊరంతా తాబేలు కారు అనేవారు. దానికి అన్నీ తిరకాసే. ఇంజను వెనకాల, పెట్రోలు ట్యాంకు ముందు బానెట్టు కింద. రేడియేటరూ లేదు, నీళ్ళూ లేవు, గాలి తగిలితే చాలు దానంతటదే చల్లబడుతుంది. ఆ వేసవిలో అది కదలడం మానేసింది. ఆడపిల్ల కార్ల కింద దూరడం మొదటి నుంచీ గిట్టని పెదనాన్నగారు నన్ను అరుగు మీదికి పిలిచి, "ఏమ్మా, డిప్లొమా డిప్లొమా అంటున్నావుగా, దీన్ని బాగుచెయ్యి చూద్దాం. వచ్చే ఆదివారం ద్రాక్షారామం వెళ్ళి రావాలి, దార్లో ఆక్కూడదు. ఆగిందా, ఆ వర్క్‌షాపు మానేసి బుద్ధిగా బీఎడ్డులో చేరాలి. సరేనా?" అన్నారు. మా నాన్న అన్నగారి మాటకి ఎదురు చెప్పి ఎరగరు. నేను కూడా, బీఎడ్డు అంటే మాటలా అని ఒక్క క్షణం ఆలోచించకుండా, "అలాగేనండి" అనేశాను.

నిజం చెప్పాలంటే జబ్బు మొదటిరోజే దొరికింది. ట్యాంకులో తుప్పు చేరి ఫిల్టరు పూడుకుపోయింది, ఇంజనుకి పెట్రోలు చుక్క అందడం లేదు. ట్యాంకు కడిగాను, ఫిల్టరు మార్చాను, కార్బురేటరు విప్పి శుభ్రం చేశాను (బిగించాక ఒక స్క్రూ మిగిలింది, అది ఎవరికీ చూపించలేదు). తాళం తిప్పగానే కారు గుర్రుమంది. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను బీఎడ్డు చదివితే అందరికంటే సంతోషించేది తనేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. కానీ ఆవిడ కళ్ళు తుడుచుకుని, బానెట్టు ఎత్తించి, "అన్నం తినే చోట దిష్టి తగులుతుందే" అంటూ పెట్రోలు మూతకి గడపకి రాసినంత మందంగా పసుపు రాసి, పైన కుంకుమ బొట్లు పెట్టింది. నేను గొప్పగా నవ్వి చేతులు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే షికారు తీశాను. ఐదు కిలోమీటర్లు పోయాక కాలవ గట్టు మీద కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు చూపించే ముల్లు ఏనాడో పోయింది కాబట్టి, మూత తీసి, ట్యాంకులో పుల్ల ముంచి చూశాను. సగానికి పైగా ఉంది. మూత పెట్టి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు బయల్దేరింది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఐదు కిలోమీటర్లకి అదే తంతు. పంపు అనుమానించి పంపు మార్చాను. మర్నాడు ఆగింది. గొట్టాలు మార్చాను. ఆగింది. ఫోన్లో వీడియోలు చూసి, వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతోందని తేల్చి, దానికి తడిగుడ్డలు చుట్టాను. జ్వరమొచ్చిన మనిషిలా గుడ్డ కప్పుకుని మరీ ఆగింది. ఏ జబ్బయితే పుల్ల ముంచగానే నయమవుతుందో ఆ జబ్బు నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అమ్మ మాత్రం రోజూ నాకంటే ముందు లేచి, నిన్నటి పసుపు మీదే ఇవాళ్టి పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని పంపించేది.

ఆగిన ప్రతిసారీ సలహాలకి మాత్రం కొదవలేదు. ఒకరోజు గట్టు మీద గడ్డిమోపుతో వెళ్తున్న రైతు ఒకాయన మోపు దింపి, బకెట్టుతో కాలవ నీళ్ళు ముంచుకొచ్చి, "రేడియేటర్లో పొయ్యండమ్మా" అన్నాడు. "దీనికి రేడియేటరు లేదండి" అన్నాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అయ్యో, అది లేకుండా తీసుకొస్తే ఆగదేంటండీ మరి" అని, జాలిగా ఆ నీళ్ళు నాకే ఇచ్చాడు, మొహం కడుక్కోమని. శుక్రవారానికి నాకు తిండి సయించలేదు. శనివారం బీఎడ్డు ప్రవేశ పరీక్ష ఎప్పుడో ఫోన్లో వెతికి చూసుకుని, దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

ఆదివారం పెదనాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు కూర్చున్నారు, అమ్మ వెనక కూర్చుంది. ఆవేళ పసుపు మరీ దట్టంగా పడింది. మొదటి కిలోమీటరు నుంచే నా గుండె లెక్కపెట్టడం మొదలెట్టింది. నాలుగు దాటింది, ఐదు దాటింది, నాకు కాస్త ఆశ పుట్టింది. అప్పుడు దగ్గింది. పెదనాన్నగారు గడియారం చూసుకున్నారు. తిట్టినా బాగుండేది. నేను దిగి, ఇంక ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా మూత తిప్పాను. ట్యాంకు "హుస్సు"మని గాలి పీల్చుకుంది. వారం నుంచీ అది పీలుస్తూనే ఉంది, నేనే వినిపించుకోలేదు. మూతని అటూ ఇటూ తిప్పి చూశాను. మధ్యలో ఉండాల్సిన సన్నటి చిల్లు కనబడలేదు. గోరుతో గీకితే ఏడు రోజుల పసుపు పెచ్చులుగా ఊడొచ్చింది.

ఇంకొకరైతే ఆ క్షణంలో నోరు మూసుకునేవారు. నేను నడిరోడ్డు మీద, పెదనాన్నగారి ముందే, "అమ్మా! ఇదంతా నీ పనేనా! గాలి పోయే చిల్లు మూసేస్తే పెట్రోలు ఎలా దిగుతుందనుకున్నావ్?" అని అరిచాను. అమ్మ కారు దిగి, మూత చేతిలోకి తీసుకుని, చిల్లు చూసి, "నూనె డబ్బాకి రెండో చిల్లు పెడతాం, అలాగేంటే?" అంది. నాకు వారం పట్టినది ఆవిడకి ఒక్క చూపులో అర్థమైపోయింది. పెదనాన్నగారు గొంతు సవరించుకుని, "ఏదేమైనా కారైతే ఆగిందిగా" అన్నారు.

మా అమ్మ కాపురానికొచ్చింది మొదలు బావగారి ఎదుట గొంతెత్తి ఎరగదు. ఏదైనా చెప్పాలంటే నన్ను మధ్యన పెట్టి "పెదనాన్నగారితో చెప్పవే" అనేది. ఆవేళ మాత్రం కొంగు భుజం నిండా కప్పుకుని, తలెత్తి, "కారాగింది నా మూలానండి బావగారూ. పిల్ల మొదటిరోజే బాగుచేసింది. చదవాలంటే ఆ బీఎడ్డేదో నేను చదువుతానండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి" అంది. పెదనాన్నగారు కాలవకేసి చూస్తూ, "పోనియ్యమ్మా బండి, గుడి మూసేస్తారు" అన్నారు. ద్రాక్షారామం వెళ్ళి వచ్చేదాకా అది ఇంకెక్కడా ఆగలేదు. బీఎడ్డు మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

కథ అక్కడితో అయిపోతే నాకు బాగానే ఉండేది. కానీ నేను అమ్మతో మాట్లాడటం మానేశాను, నా చదువుని వారంపాటు నవ్వులపాలు చేసిందని. సోమవారం డ్యూటీకి బయల్దేరుతుంటే, ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని నా స్కూటీ దగ్గర నిలబడి ఉంది. రాయలేదు. నేను వచ్చేదాకా ఆగి, "ఎక్కడ రాస్తే ఫరవాలేదో నువ్వే చెప్పవే" అని అడిగింది. మా ఇంట్లో బండి గురించి నన్ను మెకానిక్కుగా ఎంచి అడిగిన మొదటి మనిషి. నేను "ఎక్కడా వద్దు" అని స్కూటీ తీసుకుని వెళ్ళిపోయాను. ఇప్పుడు వర్క్‌షాపులో పదిమంది మెకానిక్కులు నన్ను అడిగి పని చేస్తారు, అందరికీ ఓపిగ్గా చెబుతాను. హెడ్‌లైటు మీద రాసుకోమ్మా అని చెప్పడానికి ఆవేళ ఒక్క నిమిషం పట్టేది. అన్నీ తెలిసిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, దాంతోపాటే ఒక మొట్టికాయ వెయ్యాలనీ అనిపిస్తుంది.