ఆగిన దళం, ఆగమైన దళం

సుందరయ్య పట్టాళంలో ఇరవై రెండేళ్ళు చేసి హవల్దారుగా దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ గేటు ముందు కాపలాకు కుర్చీ వేసుకున్నాడు. నకిరేకల్ దగ్గరి పల్లె మనిషి. కొత్తపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు, భార్య ఎలీశమ్మ, ఆదివారం చర్చి. ఇంతవరకూ అందరి కథే. కానీ ఆయన మంచం కింద ఒక ప్లైవుడ్ చెక్క, అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ సిపాయిలు ఉండేవి. సబ్బుపెట్టెలే ట్రక్కులు, అగ్గిపెట్టెలే ఇళ్ళు. ఇప్పటి కాలపు యుద్ధం అది. గుర్రాలూ కత్తులూ ఉండవు. జీపులు, వైర్‌లెస్సు, మోర్టార్లు ఉంటాయి.

ఈ పిచ్చి ఆయనకు పట్టాళంలోనే పట్టింది. మెస్‌లో డ్యూటీ పడ్డప్పుడు ఒక అధికారి బల్ల మీద సీసపు బొమ్మలు పేర్చి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూసుకుంటూ యుద్ధం ఆడేవాడు. ఓసారి ఆ పుస్తకం చూస్తానని సుందరయ్య అడిగితే, నీకెందుకు, టీ తీసుకురా అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నిజం యుద్ధానికి పనికొచ్చినవాడు బొమ్మల యుద్ధానికి పనికిరాలేదట. ఆ మంట సుందరయ్యకు చల్లారలేదు. రూల్స్ తనే రాస్తాననీ, ఎవరడిగినా ఉత్తగనే, పైసా తీసుకోకుండా ఇస్తాననీ ఆనాడే అనుకున్నాడు.

రాశాడు. తన ఊరి మాటల్లో, నాలుగు పేజీలు. దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు, అంతా జానల లెక్కే. కాల్చాలంటే దళం ఆగాలి. అన్నిటికన్నా ఆయనకు ప్రాణమైంది మూడో పేజీ. అందులో ఇలా ఉంది: "సగం మంది పడ్డంక పాచిక ఎయ్యాలె. రెండు లోపు పడితె గా దళం ఆగమైనట్టు. ఆగమైన దళం రెండు జానలు ఎనుకకు ఉరకాలె. పక్క దళం జానెడు దూరానికొచ్చి పేరు పెట్టి పిలిస్తె మల్లొస్తది."

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సులు లేవు, కోచింగ్ సెంటర్ మూతపడింది, ఊళ్ళకు పోలేని విద్యార్థులు రూముల్లో ఉండిపోయారు. టీచర్ ఉద్యోగ పరీక్షకు చదువుతున్న గీత ఒకరోజు ఎలీశమ్మ దగ్గరికి పచ్చడి కోసం వచ్చి ఆ చెక్కను చూసింది. వారం తిరిగేసరికి వరండాలో ఇరవై మంది చేరారు. రూల్స్ కాగితాలు చేతులు మారి మారి మడతల దగ్గర చిరిగిపోయాయి.

అప్పుడు జోగారావు మాస్టారు ముందుకొచ్చాడు. గుడివాడ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా కొత్తపేటలోనే ఉంటున్నాడు. తెలుగు పంతులుగా రిటైరై, వీధి మొదట్లో టైపింగ్, జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. సుందరయ్యకు స్నేహితుడు. "వంద ప్రతులు తీసిస్తానండీ. మీరు ఉచితంగా పంచుతుంటే నాదీ ఒక చెయ్యి ఉండనివ్వండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు.

మూడో రోజు పుస్తకాల కట్టతో వచ్చి, గీతతో ఆటకు కూర్చున్నాడు. గీత దళం గోడ చాటున ఆగి కాల్చింది. మాస్టారు కొత్త పుస్తకం తిప్పి చూశాడు.

"ఆగావు కదమ్మా. ఇక రెండు జానలు వెనక్కి పరుగెత్తు."

"ఎందుకు సార్? నా వాళ్ళు ఒక్కరు గూడ పడలే."

"రూలు అలాగే ఉంది."

గీత పుస్తకం అందుకుని పైకి చదివింది. "ఆగిన దళము రెండు జానలు వెనుకకు పరుగెత్తవలెను."

సుందరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. కట్టలోంచి ఒకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. వందలోనూ అదే ఉంటుందని తెలిసి కూడా తీశాడు. ఆయన 'ఉరకాలె' 'పరుగెత్తవలెను' అయింది. 'మల్లొస్తది' 'మరలివచ్చును' అయింది. వాటినైతే దిగమింగేవాడేమో. 'ఆగమైన' ఎక్కడా లేదు. ఆ పుస్తకం ప్రకారం కాల్చాలంటే ఆగాలి, ఆగితే పారిపోవాలి. ఇక యుద్ధం ఎవడు చేస్తాడు?

"నా ఆగం ఏడ వోయింది సార్?"

"పనులు ఆగిపోతే ఆగమైందంటారుగా, అదే అనుకున్నానండీ. భాష కూడా కాస్త బాగుచేశాను. నలుగురూ చదివేది కదా."

బాగుచేశాడట. చిరిగిన చొక్కాను బాగుచేస్తారు, వంకరపోయిన సైకిల్ చక్రాన్ని బాగుచేస్తారు. ఆ మాటకేం రోగమొచ్చిందని? ముప్పై ఏళ్ళు పాలవాడి నోటా, పక్కింటి నోటా విన్నాడు, అర్థమేమిటని ఒక్కరోజు అడగలేదు. సుందరయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"ఆగినోడు నిలవడ్డోడు సార్. ఆగమైనోడు ఏరే. మంచుకొండ మీద మా వాళ్ళు సగం మంది పడ్డరు. నేను తుపాకి ఆడనే ఇడిశిపెట్టి ఉరికిన. ఎటు ఉరుకుతున్ననో నాకే ఎరుక లేదు. బక్కయ్య అని మా పక్కూరోడు, ఎనక నుంచి సుందరయ్యా అని పిలిచిండు. మల్లొచ్చిన. గీ ముచ్చట ఎవ్వలకు చెప్పలే. గా మూడో పేజిల రాసిన. దాన్ని మీరు తుడిచేసిండ్రు."

ఎలీశమ్మ కూడా అది వినడం అప్పుడే. గడపలో నిలబడిపోయింది.

"సమ్మె మొదట్ల మన రోడ్డు మీద రాళ్ళు వడ్డ దినం యాదికుందా? మీరు షట్టర్ దించుకొని టేబుల్ కింద కూసున్నరు. నేనొచ్చి జోగారావు సార్ అని పేరు పెట్టి పిలిస్తెనే బయటికొచ్చిండ్రు. గా దినం మీరు ఆగిండ్రా, ఆగమయిండ్రా?"

మాస్టారు గీత చేతిలోంచి పుస్తకం వెనక్కి తీసుకున్నాడు.

"ఆగమే అయ్యానండీ" అన్నాడు.

జేబులోంచి ఎర్ర కలం తీశాడు. ముప్పై ఏళ్ళు పిల్లల నోట్సులు దిద్దిన చేత్తో తన తప్పు తనే దిద్దుకోవడం మొదలుపెట్టాడు. 'ఆగిన' కొట్టేసి పైన 'ఆగమైన' రాయడం, కట్ట పక్కన పెట్టడం. సుందరయ్య ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. కోపం తగ్గలేదు, తగ్గాల్సిన పనీ లేదు. వంద పూర్తయ్యేసరికి పొద్దు వాలింది.

"ఆఖరి పేజి కింద ఒక్క ముక్క రాయుండ్రి" అన్నాడు సుందరయ్య. "ఉత్తగ తీస్కపోండ్రి. మాట మార్చొద్దు."

మాస్టారు 'ఉ' రాశాడు. 'చి' రాయబోయి కలం ఆపాడు. తలెత్తితే సుందరయ్య ఆ చేతినే చూస్తున్నాడు. మాస్టారు 'త్త' రాశాడు.