హవల్దారు మోచెయ్యి

రామచంద్రపురంలో లారీ దిగేసరికి మధ్యాహ్నం మూడు. వాన. మూతపడిన రైసుమిల్లు గోదాములో మాజీ సైనికులకు వైద్య శిబిరం. నా సామాను ఒక ట్రంకుపెట్టె, మడత మంచం, తువ్వాళ్లు, రెండు ఇసుక సంచులు. సైన్యంలో నర్సింగ్ ఆఫీసరుగా నాకది రెండో ఏడు. ఫిజియోథెరపీ పని అప్పగించారు. శిబిరంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా మొగల్తూరు గోదావరికి అవతలే. అయినా సెలవు లేదు. గదిలో ఒక్కదాన్నే తిని, డైరీ రాసుకునేదాన్ని.

కడియం నుంచి రిటైర్డ్ హవల్దారు ఒకాయన వచ్చారు. నర్సరీ మొక్కలు ఎక్కిస్తూ లారీ మీంచి పడ్డారట. ఎముక అతికింది కానీ కుడి మోచెయ్యి బిగుసుకుపోయింది. చెయ్యి నోటిదాకా రాదు. ఎడమచేత్తో తినడం నామోషీ అని గోదాము వెనక్కి వెళ్లి, గోడవైపు తిరిగి తినేవారు.

"నలుగురితో పంక్తిలో కూర్చుని తినాలండి. అంతకన్నా ఏం వద్దు" అన్నారు.

మోచేతి కింద తువ్వాలు చుట్ట పెట్టాను. పై ఎముకను ఒక చేత్తో కదలకుండా పట్టాలి. కింది ఎముకను కాస్త ఎడంగా లాగి, మెల్లగా జార్చాలి. ముందు చిన్న ఊపులు. ఎక్కడ ఆగాలో మనిషి నొప్పే చెప్పాలి.

"నొప్పి ఉందాండీ?"

"లేదు, మేడమ్."

ఊపు పెంచి, బిగువులోకి ఇంకొంచెం లోతుకు వెళ్లాను. "ఇప్పుడు?"

"లేదు, మేడమ్."

మర్నాటికి మోచెయ్యి వాచి, వేడెక్కింది.

"నిన్ననే ఎందుకు చెప్పలేదండీ?"

"ఆఫీసరు ముందు నొప్పి అనకూడదండి. సర్వీసంతా అదే అలవాటు."

అప్పుడే వైర్‌లెస్ ఆపరేటర్ గుమ్మంలోకి వచ్చాడు. "మేడమ్, రాజమండ్రి నుంచి మెసేజ్. వచ్చే శనివారం క్యాంపు ఎత్తేస్తున్నారు. ఓవర్."

"ఎదురుగా నిలబడి ఓవర్ ఏంటయ్యా!" అన్నారు హవల్దారు. ఉన్నవి కొద్దిరోజులేనని తట్టి, ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వాపు తగ్గేదాకా లోతుకు వెళ్లకూడదు. నొప్పికి ముందే ఆగే చిన్న ఊపులే. ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేని దాన్ని. ఆ రోజు టోపీ తీసి మంచం మీద పెట్టాను.

"బాబాయిగారూ, ఇక్కడ నేను ఆఫీసర్ని కాను. ఆర్డరు మీరే ఇవ్వాలి. నొప్పి రాగానే ఆగమనండి."

ఆయన పెదవి బిగించారు. చేయి కట్టెలా ఉంది. ఎదురుచూశాను. చివరికి కళ్లు మూసుకుని, "ఆగమ్మా" అన్నారు. ఆ మాటతోనే కండరం వదులైంది.

అప్పట్నుంచి ఆయన అనడం, నేను ఆగడం. వాపు తగ్గాక బిగువు అంచుదాకా వెళ్లాం.

"ఏంటమ్మా, ఎప్పుడూ ఒక్కదానివే తింటావు?" అనడిగారు ఒకరోజు.

"అలవాటండి."

"పాడు అలవాటు. నాకూ వచ్చింది."

శనివారం వంటవాడు గోదాములో అరిటాకులు పరిచాడు. హవల్దారు అందరి మధ్యా కూర్చుని, పక్క ఆకు చూపించారు. "రామ్మా." వెళ్లి కూర్చున్నాను.

పప్పన్నం ముద్ద చేశారు. కుడిచెయ్యి లేచింది. నోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఆయన నావైపు చూశారు.

"ఇక్కడ ఆగమంటోందమ్మా."

చేతిని బలవంతంగా తొయ్యలేదాయన. తల వంచి ముద్ద అందుకున్నారు.

సాయంత్రం లారీ కదిలింది. కొన్నేళ్లకు యూనిఫాం వదిలేసి మొగల్తూరు వచ్చేశాను. ఇప్పటికీ ఒక్కదాన్నే తింటాను. ముద్ద ఎత్తినప్పుడల్లా, చేతికి ఎదురొచ్చి వంగిన ఆ నెరిసిన తల కనిపిస్తుంది.