మనవరాలి విందు లెక్క

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, చర్చిలో ఆడవాళ్ల కూటంలో. ఇప్పటికీ వేలు పెట్టి, పైకి చదువుతాను. నిడదవోలులో మా ఇంట్లో పగలు ఖాళీగా ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి మనవరాలి లెక్కలు నా మీద పడ్డాయి.

అది ఇంటర్ చదువుతోంది. కాలేజీలో అన్నీ బిట్లే. నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టి వచ్చేయడమే. అది రాద్దామనుకుంటున్న లెక్కల ఒలింపియాడ్ పోటీలో అలా కుదరదట. జవాబు ఎందుకు నిజమో మొదటినుంచి రాయాలట. ప్రాక్టీసు పరీక్షలో జవాబులు సరిగ్గానే వచ్చినా సార్ సున్నా వేశారు. "లెక్కలు రాని మనిషి కూడా ఒప్పుకునేలా రాయమ్మా" అన్నారట.

దాని నాన్న, మా అబ్బాయి, ఒకటే మాట చెప్పాడు. "ఇంకోసారి సున్నా వస్తే ఆ పరీక్ష మానేసి బిట్లు చేసుకో."

అది అన్నం సరిగ్గా తినలేదు. నేనూ బతిమాలలేదు. మర్నాడు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది, నాకోసం తెలుగులో రాసి.

విందు లెక్క అది. ఎంతమంది వచ్చినా వాళ్లలో ఎవరో ఇద్దరికి, ఆ విందులో తెలిసినవాళ్ల లెక్క సమానంగా ఉంటుందట. ఎందుకో చెప్పాలి. ఒకరికి ఎవరూ తెలియకపోవచ్చు, ఒకరికి అందరూ తెలిసి ఉండవచ్చు అని మొదలుపెట్టింది. నేను అక్కడే ఆగాను.

"ఎవరూ తెలీనోడు విందుకెందుకొచ్చాడే?"

"వస్తాడు మామ్మా, లెక్కలో."

"సిగ్గులేకుండా?"

"అబ్బా, తర్వాత చదువు."

"ఉండవే. అందరూ తెలిసినాయన ఉన్నాడన్నావు కదా, వీణ్ణి పలకరించడా ఏంటి?"

నేను మర్యాద సంగతి అడిగాను. అది కాగితం లాక్కుంది. అందరూ తెలిసినాయనకి వీడూ తెలిసుండాలి కాబట్టి ఆ ఇద్దరూ ఒకే విందులో ఉండలేరట, అసలు కిటుకే అదట.

"నాకు తెలుసు మామ్మా. తెలుసు కదాని రాయలేదు."

"తెలిస్తే రాయడానికేం రోగం?"

"బిట్లలో రాయక్కర్లేదుగా."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అదే పని. నేను చదవడం, అర్థంకాని చోట ఆగడం, అది విసుక్కుని ఇంకో వాక్యం రాయడం. లెక్క మాత్రం నాకు ఒక్కటీ రాలేదు.

తర్వాతి ప్రాక్టీసు పరీక్షలో సార్ మార్కులు వేశారు. పూర్తిగా కాదు, సగానికి పైన. మా అబ్బాయి ఆ పేపరు అటూ ఇటూ తిప్పి, "సర్లే, రాయి" అన్నాడు. కాకినాడ తీసుకెళ్లి అసలు పరీక్ష రాయించుకొచ్చాడు.

"ఎలా రాశావే?" అన్నాను.

"అన్నీ రాయలేదు. రాసినవి చివరిదాకా రాశాను."

ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చాయేమోనని రోజూ ఫోన్‌లో చూస్తున్నది అది కాదు, మా అబ్బాయి.